నసీర్ ముఖం ఏ దిక్కున

సికందరియా పట్నాన్ని నేను చూసింది ఒక్క రోజు. చార్మినార్ అవతలి మా జహనుమా వాడలో ఆ ఒక్క రోజును నలభైసార్లన్నా చెప్పి ఉంటాను. కార్వాన్ వాడ దాటి ఎరగని ముసలివాళ్ళకు కూడా ఇప్పుడు ఆ ఊరి వీధులు తెలుసు. పొద్దున ఆరింటికి ఫౌజు లారీ ఎక్కామని, కుచ్చు వేలాడే రూమీ టోపీ పెట్టుకున్న గైడు డ్రైవరు పక్కన కూచున్నాడని, సాయంత్రం ఆరింటికి మళ్ళీ డేరాల దగ్గర దింపారని, మధ్యలో ఏమేం చూపించారని, అన్నీ వాళ్ళకు నోటికి వచ్చు. నేనొక చోటు మరిచిపోతే వాళ్ళే అందిస్తారు. నేను చెప్పేదంతా నిజమే, మధ్యాహ్నం ఒక గంటన్నర తప్ప. ఆ గంటన్నర వినడానికే వాళ్ళు నన్ను పిలుస్తారు.

మాది పాలవాళ్ళ ఇల్లు. మా అమ్మ పుష్పమ్మ నేను పుట్టకముందు నుంచీ కుబ్రా ఖాలా, అంటే కుబ్రా పిన్నమ్మ, ఇంటికి పాలు పోస్తోంది. ఖాలా భర్త తొందరగా పోయాడు. ఆమె బట్టల మీద జరీపని చేసి ఒక్క కొడుకును పెంచింది. ఆ కొడుకు నసీరుద్దీన్, నేనూ ఒక ఈడువాళ్ళం. వాడు మా బర్రెల వెంట తిరిగేవాడు, నేను వాళ్ళ దస్తర్‌ఖాన్ గుడ్డ ముందు కూచొని తినేవాణ్ణి. ఖాలా పరదా మనిషే గాని నా ముందు ఎన్నడూ ముసుగు వేసుకోలేదు. "నీ ముక్కు తుడిచిన దాన్ని, నీ ముంగట పరదా ఏంది" అనేది.

1940లో ఇద్దరం ఫౌజులో లారీ డ్రైవర్లుగా చేరాం. చేరదామన్నది నేనే. దానికి వేరే ఏడుపు ఉంది, ఇక్కడ వద్దు. ఇద్దరినీ మిసర్, అంటే ఈజిప్టు, దేశం ఎడారిలోకి తోలారు. వేరువేరు కంపెనీలు. 1942 ఎండాకాలంలో నసీర్ నడిపే లారీ మీద బాంబు పడింది. వాణ్ణి సికందరియా ఆస్పత్రికి తెచ్చారట, మూడోరోజు పోయాడట, అక్కడే ఫౌజీ ఖబరస్తాన్‌లో పెట్టారట. నాకు ఈ సంగతి తెలిసేసరికి నెల దాటింది.

తరువాత ఖాలా దగ్గరినుంచి ఉత్తరం వచ్చింది. ఉర్దూలో, పెద్ద పెద్ద అక్షరాలతో, తానే రాసింది. "కొండల్ బేటా, నువ్వు ఎప్పుడన్నా ఆ పట్నం పోతే నసీర్ దగ్గరికి పో. తలదగ్గర నిలబడి నా పేరు చెప్పి సలామ్ చెప్పు. ఎవరన్నా ముసల్మాన్‌తో ఫాతెహా చదివించు. ఇంకేం అడగను." ఫాతెహా అంటే పోయినవాళ్ళ కోసం చదివే ప్రార్థన. మా వైపు ఈ సలామ్ సంగతి చిన్నది కాదు. అజ్మీరు పోయేవాడైనా, హజ్‌కు పోయేవాడైనా, ఇరుగుపొరుగు పంపిన సలామ్‌లు పేరుపేరునా ముట్టజెప్పి తీరాలి. అది అమానత్, అంటే నమ్మి దాచుకొమ్మని ఇచ్చిన సొమ్ములాంటిది. ఏ కులంవాడి చేతిలో పెట్టినా ఆ మాట ఆ మాటే. ఈ సంగతి నాకు తెలియదని చెప్పుకోవడానికి లేదు. ఆ ఉత్తరం మడిచి చొక్కా జేబులో పెట్టుకొని తొమ్మిది నెలలు తిరిగాను.

1943 జూన్‌లో మా కంపెనీకి ఒక రోజు సెలవిచ్చి, సైరుకని, అంటే ఊరు చూసి రమ్మని, సికందరియా పంపారు. మేం ఇరవైమందిమి. గైడు అరవై దాటిన మనిషి, మా ఫౌజీ హిందుస్తానీ నాలుగు ముక్కలు నేర్చాడు. అందరం ఉస్తాద్ అని పిలిచాం. అతని టోపీ చూడగానే నాకు మన పత్తర్‌గట్టీ బజారు గుర్తొచ్చింది. మొదట ఒక రాతి స్తంభం దగ్గర దింపాడు. ఒకే రాయి, ఎర్రటిది, మన చార్మినార్‌లో సగం ఎత్తుంటుంది. చుట్టూ కట్టడమేదీ మిగలలేదు, అదొక్కటే నిలబడి ఉంది. తరువాత భూమిలోకి దిగే సమాధులు చూపించాడు. బావిచుట్టూ తిరిగినట్టు మెట్లు తిరుగుతూ దిగాలి. అడుగున నీళ్ళున్నాయి. అక్కడ మాలో సగంమందికి ఊపిరాడక పైకి పరుగెత్తారు. నేను పరుగెత్తలేదని చెప్పేవాణ్ణి. పరుగెత్తాను. సరే, ఆ అబద్ధం ఎవరికీ నొప్పి కాదు.

అక్కడినుంచి సముద్రం ఒడ్డున ఒక పాత ఖిల్లా. గోడమీద నిలబడితే మూడు పక్కలా నీళ్ళే. దూరాన బూడిదరంగు ఓడలు. ఆ నీళ్ళ రంగు మాత్రం నాకు చెప్పడం చేతకాదు. ఎన్నిసార్లు చెప్పినా జహనుమావాళ్ళు, "మీరాలం చెరువు లెక్కనా?" అని అడుగుతారు. కాదంటే ఒప్పుకోరు. ఖిల్లా అయ్యాక ఒక పెద్ద మసీదు. ఉస్తాద్ చెప్పులు విప్పించి నన్ను కూడా లోపలికి తీసుకుపోయాడు. జనం సముద్రానికి వీపు పెట్టి నమాజు చదువుతున్నారు. ఇది నేను నా కళ్ళతో చూశాను, ఎవరు అడిగినా చెప్పేవాణ్ణి కూడా. చూసిందాన్ని గురించి ఆలోచించకపోవడం నాకు పుట్టుకతో వచ్చింది.

మసీదు ముందు రొట్టెలు, చేపలు తిన్నాం. తిన్నాక ఉస్తాద్ లేచి నిలబడి, "ఇప్పటినుంచి గంటన్నర మీ ఇష్టం. మీవాళ్ళు ఎవరన్నా ఇక్కడి ఫౌజీ ఖబరస్తాన్‌లో ఉంటే చేతులెత్తండి, ట్రాములో నేను తీసుకుపోతాను. తక్కినవాళ్ళను లారీ సముద్రస్నానాల దగ్గర దింపుతుంది" అన్నాడు. ముగ్గురు చేతులెత్తారు. ఒక సిక్కు హవల్దారు, ఇద్దరు పంజాబీలు. నా చెయ్యి సగం లేచింది. పక్కనున్నవాడు నా మోచెయ్యి పట్టుకొని, "స్నానాల దగ్గర దొరసానులు ఉంటరంట, మోకాళ్ళ పైదాకా బట్టలంట" అన్నాడు. నా చెయ్యి దిగింది.

సాయంత్రం పోవచ్చులే అనుకున్నాను. ఆ మాట అప్పుడు నేను నమ్మానో, నమ్మినట్టు నటించానో ఇప్పుడు చెప్పలేను. ఇసుకలో కూచొని ఐసు ముక్కలు వేసిన నిమ్మనీళ్ళు తాగుతూ గంటన్నర దొరసానులను చూశాను. గుడ్లప్పగించి చూశాను. జేబులో ఉత్తరం చెమటకు తడిసి ఛాతీకి అంటుకుంది, తీసి పంట్లాం జేబులో పెట్టుకున్నాను. తరువాత రాజుగారి తోట చూపించారు. తోట తరువాత లారీ నేరుగా డేరాలకు పోయింది. దారిలో ఆ హవల్దారు ఎవరితోనూ మాట్లాడలేదు. నేను అతని ఎదురుగా కూచొని బయటికి చూస్తున్నాను. మళ్ళీ ఆ పట్నం పోయే యోగం నాకు పట్టలేదు.

1945 చివర ఇంటికి వచ్చాను. ముందే అనుకున్నాను, ఖాలాకు నిజం చెప్పేస్తానని. సెలవు దొరకలేదంటాను, అంతేకదా. వాకిట్లో అడుగు పెట్టేసరికి ఆమె జరీపని పక్కన పెట్టి లేచి వచ్చింది. నా రెండు చెంపలు పట్టుకొని, "ఎట్లున్నడు బేటా నా కొడుకు?" అంది.

సమాధి ఎట్లుందని అడగలేదు. ఎట్లున్నడు అంది. నా నోట్లోంచి మాట దానంతటదే వచ్చింది.

"మంచిగున్నడు ఖాలా. మస్తు మంచి జాగ. సముద్రం కనవడ్తది."

"పోయినవా బేటా?"

"పోయిన ఖాలా. పూలు వెట్టిన. ఒక పంజాబాయనతోని ఫాతెహా చదివిచ్చిన. తలదగ్గర నిలవడి నీ పేరు జెప్పి సలామ్ జెప్పిన."

"తల ఎటు వెట్టిన్రు?"

ఇక్కడ నా తెలివి పనిచేసింది. ఖాలా భర్తను గోరీలో పెట్టినప్పుడు నేను నసీర్ పక్కనే నిలబడి మూడు పిడికిళ్ళ మన్ను వేసినవాణ్ణి. తల ఉత్తరానికి, ముఖం పడమటికి, కాబా వైపు. అది నాకు తెలుసు, తెలుసునని గర్వం కూడా. "ఉత్తరం దిక్కు వెట్టిన్రు, సముద్రం దిక్కు. ముఖం పడమటికి. మన దగ్గర ఎట్లుంటదో గట్లనే. పొద్దు గుంకేటప్పుడు వెలుగు సీదా ముఖం దిక్కు వస్తది" అన్నాను. ఆమె కళ్ళు మూసుకొని, "అల్‌హమ్‌దులిల్లా" అంది. తరువాత నాకు పాయా చేసి పెట్టింది. తిన్నాను.

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. నాది బాగా అతికింది. వాడకట్టంతా ఆ మాట పాకింది. పెళ్ళిలో, పురుట్లో, చాయ్ దుకాణంలో, ఎక్కడ కనిపించినా "కొండల్ భాయ్, సికందరియా సైర్ చెప్పు" అనేవారు. నేను లారీ ఎక్కించి, స్తంభం చూపించి, బావిలోకి దింపి, ఖిల్లా ఎక్కించి, మసీదులో తిప్పి, చివరికి నసీర్ దగ్గరికి తీసుకుపోయేవాణ్ణి. అక్కడ అందరూ తలలు దించుకునేవారు. నేనూ దించుకునేవాణ్ణి. వాళ్ళు నసీర్ కోసం, నేను నా కోసం. ఇంటికొచ్చి బర్రెల దగ్గర కూచొని నన్ను నేను తిట్టుకునేవాణ్ణి. మర్నాడు ఎవరో అడిగితే మళ్ళీ లారీ ఎక్కించేవాణ్ణి.

1946లో నసీర్ వర్సీ వచ్చింది, అంటే వాడు పోయిన దినానికి ఏటా చేసే ఫాతెహా. ఖాలా ఇంట్లో ముప్ఫైమంది కూచున్నారు. ఆడవాళ్ళు పరదా వెనక. మా మసీదుకు కొత్తగా వచ్చిన పేష్ ఇమాం షఫీఉద్దీన్ సాబ్ ఫాతెహా చదివాడు. బహదూర్‌పురాలో మదర్సా నడిపి వచ్చినవాడు, నెమ్మదస్తుడు. భోజనాలయ్యాక మామూలుగా నన్ను సైర్ చెప్పమన్నారు. చెప్పాను. ఆయన చాలా ఇష్టంగా విన్నాడు. అంతా అయ్యాక గడ్డం సవరించుకుంటూ, "కొండల్ భాయ్, జెర ఒక్క మాట" అన్నాడు.

"చెప్పుండ్రి సాబ్."

"మసీదుల సముద్రానికి వీపు వెట్టి నమాజు చదివిన్రు అన్నవు గద. అది సహీ. ఆడికెళ్ళి కాబా మనకున్నట్టు పడమటికి ఉండదు. తూర్పుకు, జెర దక్షిణానికి ఉంటది. మరి గోరీల నసీర్ ముఖం పడమటికి ఎట్ల వెట్టిన్రు?"

నాకు అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. నేను మాటల్లో నసీర్‌ను జహనుమాలో పాతిపెట్టాను. సికందరియాలో పడమటికి ముఖం పెడితే వీపు కాబాకు వస్తుంది. ముప్ఫైమందీ నా వైపు చూశారు. ఎవరి చూపులోనూ అనుమానం లేదు. అదే నన్ను కాల్చింది. షఫీఉద్దీన్ సాబ్ కూడా నన్ను అనుమానించలేదు. "తవ్వింది తెల్ల గోరాలు గద, వాళ్ళకేం తెలుస్తది. అల్లాకు నియ్యత్, మనసుల అనుకున్నదే ముఖ్యం, ఫికర్ వద్దు" అని తానే సర్దిచెప్పాడు. పరదా వెనక మాత్రం ఏదో పళ్ళెం కింద పడింది.

"సాబ్, నేనే పొరపాటు వడ్డనేమో. కొత్త ఊరు, దిక్కులు తెల్వలే" అన్నాను.

ఖాలా గొంతు పరదా వెనకనుంచి వచ్చింది. "వద్దు బేటా. నా మనసు నిలుపుదామని అబద్ధం జెప్పకు. పొద్దు గుంకే వెలుగు ముఖం మీద వడ్తదని నువ్వే అన్నవు. కండ్లార చూసిన మనిషివి."

తేలు కుట్టిన దొంగకు నోరుంటుందా? కూచున్నాను.

ఆ రోజునుంచి ఆమె తిండి మానింది. పూర్తిగా కాదు, మా అమ్మ బతిమాలితే ఇన్ని పాలు తాగేది. జరీపని మూల పడేసింది. "నాలుగేండ్లసంది నా కొడుకు వీపు దిప్పి పండుకున్నడు పుష్పమ్మా" అనేది. రాత్రి పడుకుంటే తనకూ కాబా వైపు తిరగబుద్ధి కావడం లేదంది. మా అమ్మ ఇంటికొచ్చి నాకు ఈ మాటలన్నీ చెప్పి, "నువ్వు గా ముచ్చట ఎందుకు చెప్తివిరా, దిక్కులు లేకుండ చెప్పరాదా" అని కసిరింది. మా అమ్మకు కూడా నిజం తెలియదు.

పదిహేను రోజులకు ఖాలా నన్ను పిలిపించింది. చాప మీద ఒక కాగితం ఉంది. షఫీఉద్దీన్ సాబ్‌తో రాయించిన దరఖాస్తు. మా కొడుకు గోరీ తవ్వి ముఖం కాబా వైపు తిప్పి మళ్ళీ పెట్టమని ఫౌజు పెద్దలకు. కింద ఆమె సంతకం చేసింది. దాని కింద ఖాళీ చోటు చూపించి, "చూసిన సాక్షివి నువ్వొక్కనివే బేటా. ఈడ దస్కత్ వెట్టు" అంది.

ఆమె మణికట్లు పుల్లల్లా ఉన్నాయి. కలం నా చేతిలో పెట్టింది. నేను సంతకం పెడితే ఆ కాగితం సముద్రం దాటుతుంది. ఎవరో గోరా దాన్ని చూసి నవ్వుతాడు, లేకపోతే సక్రమంగా పడుకున్న వాణ్ణి తవ్వి తీస్తాడు. ఏది జరిగినా ఈమె అప్పటిదాకా బతకదు. కలం కింద పెట్టాను. తల ఎత్తలేక ఆమె పాదాల వైపు చూస్తూ చెప్పాను.

"ఖాలా, నేను పోలే."

"యాడికి?"

"నసీర్ దగ్గరికి. గోరీ చూడలే. వాని ముఖం ఏ దిక్కున్నదో నాకు తెల్వది. నేను జెప్పింది అంత అబద్ధం. మన ఊరి గోరీ యాదికి దెచ్చుకొని చెప్పిన."

కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను. తల ఎత్తి చూస్తే ఆమె ముఖం వెలిగిపోతోంది. నసీర్ పోయాక ఆ ముఖంలో అంత సంతోషం నేను చూడలేదు. "అయితే వాని వీపు అటు లేదు" అంది. "ఆడ ముసల్మాన్లు ఉన్నరు గద, సీదనే వెట్టి ఉంటరు. సీదనే ఉన్నడు నా కొడుకు." రెండు చేతులూ ఎత్తి దువా చేసింది. నా అబద్ధానికి ఆమె అల్లాకు షుకర్ చెప్పుకుంటుంటే నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది.

దువా మధ్యలో ఆమె చేతులు ఆగాయి. మెల్లగా ఒళ్ళోకి దిగాయి.

"అయితే వాని దగ్గరికి ఎవ్వరు పోలే" అంది.

నేను కలాన్ని కాగితం పక్కకు జరిపాను.

"నా సలామ్ ముట్టలే."

"ముట్టలే ఖాలా."

"దినమంత ఆ ఊర్లెనే ఉంటివి గద. ఆ యాళ్లకు యాడ ఉన్నవు?"

చెప్పాను. దాచలేదు. ట్రాము సంగతి, సగం లేచిన చెయ్యి సంగతి, ఇసుక, నిమ్మనీళ్ళు, దొరసానులు. ముప్ఫై ఏళ్ళవాణ్ణి, తల్లిలాంటి మనిషి ముందు ఆ మాటలు చెబుతుంటే నా చెవులు మండిపోయాయి. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని గోడ వైపు చూస్తూ వింది. చివరికి ఒకే మాట అడిగింది.

"నసీర్ సముద్రం చూసిండా?"

"తెల్వది ఖాలా." ఆమెకు నేను సూటిగా ఇచ్చిన మొదటి జవాబు అదేనేమో.

లేచి దరఖాస్తు తీసుకుంది. నాలుగు ముక్కలు చేసి పొయ్యిలో వేసింది. నేను కూడా లేచి, "రేపు మసీదు కాడ అందరి ముంగట చెప్త ఖాలా, నేను పోలేదని" అన్నాను. అలా చెప్పేస్తే నా బరువు దిగుతుందని ఆశ. ఆమె వెనక్కి తిరిగింది.

"చెప్పవు" అంది. గొంతు పెంచలేదు. "నా కొడుకు దగ్గరికి ఒక్కడన్న పోయిండని ఈ వాడకట్టు అనుకుంటున్నది. గదొక్కటే ఉన్నది వానికి. అది గూడ తీస్తవా? నువ్వు పోయినవు. పూలు వెట్టినవు. సలామ్ జెప్పినవు. నేను బతికున్నన్ని దినాలు గట్లనే చెప్పాలె. ముఖం మాత్రం తూర్పుకు తిప్పు."

షఫీఉద్దీన్ సాబ్‌కు ఆమే కబురు పంపింది. కొండల్‌ను కూచోబెట్టి అడిగానని, లారీ మలుపులు తిరిగీ తిరిగీ వాడికి దిక్కులు తారుమారయ్యాయని, పొద్దు గుంకే దిక్కనుకున్నది పొద్దు పొడిచే దిక్కని. తల్లికే మనసు కుదిరాక ఊరికి ఎందుకు? ఆయన కూడా సంతోషించాడు. ఆమె మళ్ళీ జరీపని పట్టుకుంది. మా అమ్మ మామూలుగా పాలు పోస్తోంది. నేను ఎదురుపడితే ఖాలా బాగున్నవా అంటుంది, తిన్నవా అనదు.

మొన్న మళ్ళీ వర్సీ జరిగింది. ఈసారి నలభైమంది వచ్చారు. భోజనాలయ్యాక నన్ను సైర్ చెప్పమన్నారు. లారీ ఎక్కించాను. స్తంభం, బావి మెట్లు, ఖిల్లా, మసీదు. మధ్యాహ్నమయ్యింది. నేను చెయ్యి ఎత్తాను, ఉస్తాద్ వెంట ట్రాము ఎక్కాను, దిగి ఖబరస్తాన్ గేటు తీశాను. నలభైమందీ తలలు దించారు. పరదా వెనకనుంచి ఖాలా అడిగింది.

"ముఖం ఏ దిక్కున ఉన్నది బేటా?"

"తూర్పు దిక్కు ఖాలా. జెర దక్షిణానికి."

"సుభానల్లా" అన్నాడు షఫీఉద్దీన్ సాబ్.

"నా పేరు జెప్పి సలామ్ జెప్పినవా?"

"చెప్పిన ఖాలా. తలదగ్గర నిలవడి చెప్పిన."

ఇదివరకు ఈ మాట దగ్గర ఆమె ఏడ్చేది. పరదా వెనక ఆడవాళ్ళు ఓదార్చేవారు. ఇప్పుడు ఏడవడం లేదు. "మంచిది బేటా, తర్వాత ఏం చూసిన్రో చెప్పు" అంది. నేను అందరినీ రాజుగారి తోటకు తీసుకుపోయాను.